సార్ నా కంట్లో ఏం చూశారు?

ఎంబీబీఎస్ చదివేటప్పుడు దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఓ ఆసుపత్రిలో మాకు కంటి విభాగం డ్యూటీ పడింది. రోగులను చూసేముందు విద్యార్థులం ఒకరి కళ్లు ఒకరం చూసి నేర్చుకోవాలి. ఆ రోజు వంతు నా కంటిది.

చుక్కలు వేసి, పరికరం మీద గడ్డం ఆనించి, "కదలొద్దు, మాట్లాడొద్దు" అన్నారు సార్. బ్యాచంతా వరసగా నా కంట్లోకి చూస్తుంటే మధ్యలో ఒకడు, "సార్, ఇదేంటి?" అన్నాడు. సార్ చాలాసేపు చూశారు. "అందరూ రండి, ఇలాంటిది మళ్లీ దొరకదు!" అన్నారు.

ఏమిటో నాకెవరూ చెప్పరు. అడుగుదామంటే గడ్డం కదలకూడదు. ఎదురుగా పరికరం వెలుగు తప్ప ఏమీ కనిపించదు. చూపు పోతోందేమోనని చెమటలు పట్టేశాయి.

వెనక బెంచీ మీద తన వంతు కోసం కూర్చున్న పెద్దావిడ, "గా పిల్లకు జర చెప్పుండ్రి సారూ, వణుకుతున్నది" అంది.

అప్పుడు చెప్పారు, కంటి లోపలి పొర రెటీనా అంచున చిన్న చిల్లు ఉందని. తర్వాత లేజర్ చికిత్సతో సరిపోయింది.

తన వంతు రాగానే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "పక్కనే ఉండు బిడ్డా. ఏం కనవడ్డా నాకు చెప్పు."

ఇప్పుడు ఎల్‌బీ నగర్‌లో నేనే కంటి డాక్టర్ని. కన్ను చూస్తున్నంతసేపూ నా నోరు ఆగదు. వాగుడుకాయ డాక్టరమ్మ అని నవ్వుకుంటారట. నవ్వుకోనీ.