సీట్లు కుట్టే ఆపా చెప్పిన మోడల్

మా చిన్నకోడలు టేకులపల్లి అవతల ఒక బడిలో పంతులమ్మ. కొత్తగూడెం నుంచి రోజూ పోయిరావడానికి, వెనక డిక్కీ ఉన్న పాత కారొకటి తీసుకుందామని వారం రోజులుగా ఫోను పట్టుకుని కూర్చుంది. ఒకే కారులో ఏ ఏడాది మోడల్ మంచిదో, ఏది కాదో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతుంటే విసిగిపోయి, మొన్న నా దగ్గరికొచ్చి, "మామయ్యా, మీరు ఇన్నేండ్లు బండి నడిపిండ్రు గదా, మీరే చెప్పరాదుండ్రి" అన్నది. నాకేం తెలుసని చెప్పను? నాకు తెలిసిందంతా ఒక మనిషి చెప్పిందే.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మనం కార్లను ఏడాది లెక్కన కాక లైట్ల లెక్కన గుర్తుపట్టేవాళ్లం, గుండ్రటి లైట్లది అంటే పాతది, పొడుగు లైట్లది అంటే కొత్తది. నేను అప్పటికి పన్నెండేళ్లుగా ఇంకొకరి జీపు తోలుతున్నాను, సొంత బండి మీద బతకాలన్న ఆశ ముదిరి, చివరికి మా ఇంటామె ఎంతో ఇష్టంగా సాకిన రెండు పాడి బర్రెలను కూడా అమ్మేసింది, అంటే ఆ డబ్బుతో కొనబోయే కారు గనక నిలబడకపోతే ఇంట్లో పాలూ ఉండవు, నాకు పనీ ఉండదు.

కొత్తగూడెంలో పాత బండ్లు అమ్మిపెట్టే బేరగాడు ఒక నీలం రంగు కారు చూపించాడు. పొడుగు లైట్లది, చూడముచ్చటగా ఉంది. నాకు నమ్మకమైన మిస్త్రీ బానెట్ ఎత్తి, స్టార్ట్ చేసి విని, ఇంజన్ భేషుగ్గా ఉందన్నాడు. రేపు బయానా డబ్బు ఇచ్చి బేరం ఖాయం చేస్తానన్నాను. ఆ లోపే కొత్త సీట్లు తొడిగిస్తే నా మనసు మారదనుకున్నాడేమో, బేరగాడు బండినిచ్చి నన్నే, సీట్లు కుట్టే ఆపా దుకాణానికి పంపాడు.

బస్టాండు వెనక సందులో రేకుల షెడ్డు ఆమెది. కార్ల సీట్లు కుట్టడం ముందు ఆమె భర్త పని, ఆయనకు చూపు మందగించాక ఆమె మిషన్ ముందు కూర్చుంది, ఆయన పక్కనే కూర్చుని చేతి తడుముడుతోనే స్పాంజి కోసి ఇచ్చేవాడు. ఊళ్లో హిందువులూ ముస్లింలూ అందరికీ ఆమె ఆపాయే, అంటే అక్కే. మెడలో తాడుకు కత్తెర వేలాడదీసుకుని, పానా తీసుకుని, మోకాళ్ల మీద కారులోకి దూరి, మగవాళ్లు ఇద్దరు కలిసి విప్పే సీటును ఒక్కతే విప్పి బయట పెట్టేది.

ఆ రోజూ అట్లాగే విప్పి, సీటు బెల్టును కింది దాకా లాగి, దాని చివర కుట్టి ఉన్న చిన్న గుడ్డచీటీ చదివింది. తర్వాత నా ముఖం చూసింది.

"తమ్మీ, ఈ బండి నువ్వేనా తీస్కునేది?"

"అవ్ ఆపా."

"దీని మీద్నే బతుకుడా?"

అవునన్నాను. ఆమె కింది కార్పెట్ ఒక మూల ఎత్తి, నా చెయ్యి పట్టుకుని లోపల అదిమింది. ఎండలు మండుతున్న రోజులు, చుక్క వాన లేదు, అయినా నా అరచెయ్యి తడిసింది, దాంతో పాటు ఎర్రటి తుప్పు అంటుకుంది.

"ఏసీ నీళ్లు. బయటికి పోయే పైపు ఈ మోడల్ల సరిగ్గ కూసోదు, నీళ్లన్నీ లోపలికే వస్తయి. వైర్లన్నీ గీ కిందికెళ్లే పోతయి. మిస్త్రీ అబద్ధం చెప్పలే, ఇంజన్ మంచిదే. ఆయన ముందట చూస్తడు, నేను కింద చూస్త."

లైట్లు మార్చిన మొదటి ఏడాది బండ్లన్నీ అంతేనట. మరుసటి ఏడు కంపెనీవాళ్లు పైపు మార్చారట, అవి మంచివి, గుండ్రటి లైట్లవి ఇంకా మంచివి. ఈ బండి కాగితాల్లో మరుసటి ఏడే ఉంది గదా అని నేనంటే, ఏడాది చివర తయారై షోరూములో పడి ఉన్న బండి మరుసటి ఏడు రిజిస్టరవుతుందని, కాగితం అమ్మిన రోజు చెబుతుందని, బెల్టు చీటీ పుట్టిన నెల చెబుతుందని విడమరిచి చెప్పింది. నేను సంతోషించాల్సింది పోయి భయపడ్డాను, ఎందుకంటే ఆమెకు వచ్చే పనిలో సగం ఆ బేరగాడు పంపేదే.

"ఆయనకు తెలిస్తే ఎట్ల ఆపా?"

"తెల్వనీ" అని, మళ్లీ సీటు బిగించడంలో పడింది.

నేను బండి వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో బేరగాడికి తెలియడానికి ఎంతో సేపు పట్టలేదు. ఆ మర్నాటి నుంచి ఆమె షెడ్డుకు ఒక్క బండి పంపలేదని నెల తర్వాత ఆమె భర్త చెబితే గాని నాకు తెలియలేదు, ఆమె మాత్రం నాతో అనలేదు. సిగ్గుతో తలకొట్టేసినట్టయి, స్టాండులో డ్రైవర్లందరికీ జరిగింది చెప్పాను. అప్పటి నుంచి మావాళ్లలో ఎవరు పాత కారు కొన్నా, ముందు ఆపాకు చూపించి, తర్వాత ఆమె దగ్గరే సీట్లు కుట్టించుకునేవారు.

నాకు పెనుబల్లి దగ్గర ఒక రిటైరైన ఆఫీసరు వాడిన గుండ్రటి లైట్ల బండి దొరికింది. ఆపా దానిలో దూరి అరగంట వెతికి, బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, "ఇది తీస్కో" అన్నది. ఆ బండి మీద పర్ణశాలకు ఎంత మంది యాత్రికులను తిప్పానో, అడవి గూడేల నుంచి నొప్పులు పడుతున్న తల్లులను ఎన్నిసార్లు భద్రాచలం దవాఖానాకు చేర్చానో, ఒక్కనాడు నన్ను నడిదారిలో నిలబెట్టలేదు.

వానాకాలంలో ఒకరోజు అడవి దారిలో ఆ నీలం కారే ఆగిపోయి కనిపించింది. కొన్నది ఎవరో కుర్రజంట, చంటిపిల్లను కొంగులో దాచుకుని తల్లి తడుస్తోంది. వాళ్లను నా బండిలో ఇల్లు చేర్చి, నేరుగా ఆపా దగ్గరికి పోయి, నువ్వన్నట్టే అయిందని కాస్త గొప్పగానే చెప్పాను. ఆమె మిషన్ ఆపి, పసిపిల్ల ఎట్లుందని అడిగింది. బాగుందన్నాక, "ఆ బండిని నా దగ్గరికి తోల్కరమ్మను" అన్నది.

నేను తెల్లబోయాను. "ఆ మోడల్ మంచిది కాదంటివి గద ఆపా?"

"కొనకు అన్న గాని, పారెయ్యమన్ననా? కొన్నోల్లు ఏం జేస్తరు మరి?"

రెండు రోజులు ఆ కారు లోపలంతా విప్పి ఆరబెట్టి, కుళ్లిన చోట వెల్డింగు అతనితో రేకు వేయించి, పైపు నోటికి తన చేతులతో రబ్బరు కోసి బిగించింది. ఆ బండి తర్వాత నాలుగేండ్లు నా ముందే తిరిగింది.

ఆపా పోయి చాలా కాలమైంది. ఇప్పుడు సీటు కవర్లు సంచిలో తయారుగా వస్తున్నాయి, పై నుంచి తొడిగి పంపేస్తారు, సీటు విప్పే పనే లేదు. ఏ ఊరి బండి వివరమైనా ఫోనులో తెలిసిపోతుంది, అది మంచిదే. కాని అడిగినవాడి బతుకు గురించి ఒక్క ప్రశ్న వేసి, ఆ తర్వాత తన నష్టం చూసుకోకుండా జవాబు చెప్పేవాళ్లను నేను మళ్లీ చూడలేదు. కోడలికి ఇదంతా చెప్పి పడుకున్నాక ఒక్క సంగతి మనసులో ములుకులా దిగింది. అన్ని బండ్లకు సీట్లు కుట్టిన ఆ మనిషి, వాటిలో ఒక్కదాని మీదైనా తీరుబడిగా కూర్చుని ఏ ఊరికైనా పోగా నేను చూడలేదు. బండి నా చేతిలోనే ఉండేది, ఎక్కు ఆపా, అట్లా గోదారి దాకా పోయొద్దాం అని నేనూ ఒక్కనాడు అనలేదు.