మావారు దిగిపోయిన విమానం

ఖరీఫ్ చూపిస్తానని మా అమ్మాయి మొన్న నన్ను మస్కట్ నుంచి సలాలా తీసుకెళ్ళింది. ఖరీఫ్ అంటే మన పంటల ఖరీఫ్ కాదండోయ్, మండుటెండల నెలల్లో సలాలా కొండలకు పట్టే పొగమంచునీ తుంపరనీ అక్కడ ఆ పేరుతో పిలుస్తారు. మస్కట్ శివారు అల్ ఖౌద్‌లో వాళ్ళ ఫ్లాటులో ఏసీ కింద కూర్చుని కూర్చుని కీళ్ళు పట్టేసిన నాకు, నాలుగు చినుకులు ఒంటిమీద పడతాయంటే కాదనబుద్ధి కాలేదు. తీరా విమానం దిగే వేళకి కిటికీలోంచి చూస్తే తెల్లటి మంచు తప్ప రెక్క చివర కూడా ఆనలేదు. కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని చుట్టూ చూశానా, ఒక్కరు తల ఎత్తితే ఒట్టు! పక్క సీటు కుర్రాడు ఫోనులో ఏదో ఆట ఆడుకుంటున్నాడు, వెనకెవరో గుర్రుపెట్టి నిద్రపోతున్నారు. చక్రాలు నేలకు తగిలాక మా అమ్మాయి నా వేళ్ళు విడదీస్తూ, "ఇంకా ఆ భయం పోలేదా అమ్మా నీకు?" అని నవ్వింది. దానికేం తెలుసు, అప్పటికి అది పుట్టలేదు.

డెబ్బైల చివర్లో, అక్కడి కొండల్లో కాల్పులు సద్దుమణిగిన కొత్తలో, మేమిద్దరం సలాలాలో కాపురం పెట్టాం. నేను ఆసుపత్రిలో ప్రసూతి వార్డు నర్సుని. మావారు మన ఎయిర్ ఫోర్స్‌లో ఇంజన్ల మీద పనిచేసి బయటికి వచ్చి, ఎడారి లోపలి పల్లెలకూ చమురు క్యాంపులకూ చిన్న విమానం నడిపే ఒక కంపెనీలో మెకానిక్‌గా చేరారు. సలాలాలో కొబ్బరితోటలూ అరటితోటలూ చూసి, ఇదేమిటి, గోదావరి దాటి ఎక్కడికీ పోలేదా మనం అనుకున్నాను మొదటి వారం. కొండ దాటి అవతలికి వెళ్ళిన రోజున తెలిసింది నేనెక్కడికి వచ్చానో. అటు పక్క ఆకన్నది లేదు, చుక్క నీరు లేదు, కనుచూపు మేరా రాళ్ళూ ఇసుకా.

ఆ విమానం మా పెళ్ళికి చాలా ముందే పుట్టింది. రెక్కలు నెత్తిమీద, ముక్కుకి ఒక్కటే ఇంజను, తోక కింద పసిపిల్లల బండికుండేంత చక్రం. రంగు వెలిసిపోయింది, తలుపు పడాలంటే భుజంతో ఒక తోపు తొయ్యాలి. మావారు దాన్ని ముద్దుగా "ముసలమ్మ" అనేవారు, నేను మాత్రం "నా సవతి" అనేదాన్ని. అనక ఏం చెయ్యను? సెలవు రోజున కూడా దాని దగ్గరే, ఇంటికొచ్చాక దాని కబుర్లే, ఆయన చొక్కాలకు అంటిన దాని నూనె మరకలు వదిలించలేక నా చేతులు పడిపోయేవి. సవతిపోరు అంటే ఏమిటో మా అమ్మకు తెలియదు గాని నాకు బాగా తెలుసండీ.

కానీ పనిమంతురాలు, ఆ మాట ఒప్పుకోవాలి. మందులూ, ఉత్తరాలూ, ఐసు పెట్టెలో టీకాలూ, ఉల్లిపాయలూ, ట్రక్కుల స్పేరు పార్టులూ, ఒక్కోసారి కాళ్ళు కట్టిన మేకలూ, పంటినొప్పితో దవడకు గుడ్డ చుట్టుకున్న ముసలాయనలూ, అందరూ అన్నీ దాని కడుపులోనే. ఎడారిలో రన్‌వే అంటే ఏముంది, రాళ్ళేరిన నేల, అటూ ఇటూ సున్నం కొట్టిన ఖాళీ డ్రమ్ములు. ముందొకసారి తక్కువ ఎత్తులో చక్కరు కొట్టి ఒంటెల్నీ మేకల్నీ తరిమితే గాని దిగడానికి ఉండేది కాదు. వారానికోసారి డాక్టరుగారితో పాటు ఎడారి వైద్యానికి నేనూ అందులోనే వెళ్ళేదాన్ని. మోత వినపడగానే చమురు క్యాంపుల్లోంచి మన తెలంగాణ కుర్రాళ్ళు పరుగెత్తుకొచ్చి, నేనింకా కిందికి దిగకుండానే, "ఇంటికెల్లి ఉత్తరమేమన్న అచ్చిందా అక్కా?" అని అడిగేవారు. లేదని చెప్పాల్సి వచ్చిన రోజున నాకు అన్నం సయించేది కాదు.

విమానం నడిపే మా కెప్టెన్ నడివయసు దాటిన ఇంగ్లీషాయన, మాట తక్కువ, చాదస్తం ఎక్కువ. ఎక్కే ప్రతి మనిషినీ ప్రతి మూటనీ కాటా మీద పెట్టి తూచందే తలుపు తెరిచేవారు కాదు. వేడిగాలిలో ముసలమ్మకి ఆయాసమట, బరువు కాస్త మించితే లేవలేదట. మొగుడు కొట్టినందుకు కాదు తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, తూచినందుకు కాదు గాని ఆ అంకె అందరికీ వినపడేలా చదివినందుకు నాకు ఒళ్ళు మండేది. నేనేమన్నా వంకాయల బుట్టనా? ఆయనకి ఇంకో నియమం కూడా ఉండేది. రిపేరు చేసినవాడు, ఆ తర్వాత విమానం మొదటిసారి లేచేటప్పుడు అందులో కూర్చుని తీరాలి. తన ప్రాణం కూడా అందులోనే ఉందంటే ఏ మెకానిక్కూ ఏమరుపాటుగా పని చెయ్యడని ఆయన నమ్మకం. మావారికి ఆ నియమమంటే మహా ఇష్టం. నా పని మీద నేను కూర్చోలేకపోతే ఇంకెవరు కూర్చుంటారే అనేవారు.

ఆ ఖరీఫ్ నెలల్లో ఒక రోజు, వారం వారం వెళ్ళే ఎడారి వైద్యానికి, డాక్టరుగారికి ఆపరేషన్లు ఉండి నన్నొక్కదాన్నే పంపారు. పొద్దున్నే మంచు కాస్త పైకి లేచిన సందు చూసి కెప్టెన్, మావారు, నేను బయల్దేరాం. కొండలు దాటి ఒక గుడారాల పల్లె దగ్గర దిగబోతుండగా ముందు అద్దం మీద నల్లటి నూనె చుక్కలు పడ్డాయి. దిగీదిగగానే మావారు ఇంజను మూత ఎత్తి చూస్తే, ఆయిల్ వెళ్ళే గొట్టం పగిలి నూనె కారిపోతోంది.

ఆయన అక్కడ ఉండగానే ఆడవాళ్ళు నా చెయ్యి పట్టుకుని గుడారంలోకి లాక్కెళ్ళారు. లోపల తొలిచూలు పిల్ల, ముందు రోజు నుంచీ నొప్పులు పడుతోంది. చెయ్యి వేసి చూస్తే బిడ్డ అడ్డం తిరిగి ఉంది. ఆపరేషన్ చేస్తే తప్ప తల్లీ బిడ్డా దక్కరు, ఆపరేషన్ అంటే సలాలా వెళ్ళాల్సిందే. ఆ పిల్ల మొగుడు ఒంటెలతో ఎటో దూరం పోయాడు, ఇంటికి పెద్ద మామగారు. ఆయన పికప్పులో తీసుకెళ్దామంటే, దారీ తెన్నూ లేని ఆ రాళ్ళ కుదుపులకు మధ్యలోనే ప్రాణం పోతుంది. మిగిలింది ముసలమ్మ ఒక్కతే, అదేమో ఈ స్థితిలో ఉంది.

మావారు ఆ పెద్దాయన్ని, మీ పికప్పులోంచి ఒక రబ్బరు గొట్టం కోసుకోవచ్చా అని అడిగారు. ఆ బండి కదలకపోతే వాళ్ళకి నీళ్ళు తెచ్చుకునే దారి కూడా లేదు, అయినా ఆయన మారుమాట లేకుండా బానెట్ ఎత్తి చూపించారు. ఆ ముక్క కోసి, పగిలిన చోట తొడిగి, అటూ ఇటూ క్లిప్పులు బిగించి, పైన తీగ చుట్టి, వెంట తెచ్చిన డబ్బాల నూనె పోసి, ఇంజను నడిపి చూశారు. చుక్క కారలేదు. నేల మీద కారలేదు సరే, కొండల మీద గొట్టం ఊడితే మాత్రం ఇంజను పట్టేసి ఆగిపోతుంది, ఇక అంతే సంగతులు.

అప్పుడొచ్చింది అసలు చిక్కు. పిల్లను పడుకోబెట్టడానికి వెనక ఒక్క సీటు ఉంచి మిగిలినవి పీకేశారు. నేను వెంట ఉండాలి. పురిటికి సాయం వచ్చిన కన్నతల్లి లేకుండా పరాయి మగవాళ్ళతో పిల్లను పంపేది లేదని మామగారు తేల్చి చెప్పారు, పిల్ల కూడా "ఉమ్మీ, ఉమ్మీ" అని అరబ్బీలో అమ్మని పిలుస్తూ ఆవిడ చెయ్యి వదలడం లేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. ఆ వేడిలో ఆ పొట్టి రన్‌వే మీద ఇంతమందితో లేవదు, ఒకరు దిగాలి అన్నారు కెప్టెన్. చల్లబడేదాకా ఆగుదామంటే పిల్ల ఆగలేదు, సలాలాలో మంచూ ఆగదు. కాస్త తెరిపి ఇచ్చింది, తొందరగా రండని రేడియోలో చెబుతున్నారు. పెట్రోలు తగ్గిద్దామంటే, మంచు మళ్ళీ కమ్మితే వెనక్కి రావడానికి అది కావాలి. దిగడానికి మిగిలింది మావారొక్కరే, కానీ రిపేరు చేసిందీ ఆయనే!

కెప్టెన్ ఆయన వైపు చూశారు. నువ్వు లేకుండా దీన్ని లేపమంటావా అన్నట్టుంది ఆ చూపు. మావారు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఇంగ్లీషులో ఒక్క ముక్క అన్నారు. "నా భార్య ఎక్కుతోంది సార్." నన్ను వదిలెయ్యమని బతిమాలుతున్నారేమో అనుకున్నాను, పిచ్చిదాన్ని. తన వంతుకి నన్ను కూర్చోబెడుతున్నారని ఒక క్షణం ఆగితే గాని నా తలకెక్కలేదు. కెప్టెన్ తలూపి వెళ్ళి తన సీట్లో కూర్చున్నారు.

దాచుకోవడం దేనికి, నాకు కోపం వచ్చింది. నా ప్రాణానికి పూచీ పడడానికి ఈయనెవరు అనిపించింది, ఆ వెంటనే ఈయన కాకపోతే ఇంకెవరు అని కూడా అనిపించింది. ఆయన లోపలికి వంగి నా బెల్టు తనే పెట్టారు, ఊపిరాడనంత గట్టిగా బిగించి మళ్ళీ లాగి చూశారు. నా మొహంలోకి మాత్రం చూడలేదు. తలుపు భుజంతో తోసి మూసేశారు.

ముసలమ్మ డ్రమ్ములన్నీ అయిపోయేదాకా పరుగెత్తి, ఇక లేవదేమో అనుకున్నాక లేచింది. నా చెయ్యి ఆ పిల్ల కడుపు మీద, నా కళ్ళు ఆయిల్ ప్రెషర్ చూపించే ముల్లు మీద. తల్లి ఏదో ప్రార్థన గొణుక్కుంటోంది, నేనూ నాకు తెలిసిన దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలిచాను. సరిగ్గా కొండల మీదికి వచ్చేసరికి అద్దం మీద మళ్ళీ ఒక నూనె చుక్క పడింది, దాని పక్కన ఇంకోటి. నా పైప్రాణాలు పైనే పోయాయి. కెప్టెన్ వెనక్కి తిరగకుండానే, అది పొద్దుటి పాత నూనె సిస్టర్, గాలికి చిందుతోంది అన్నారు. నిజమో, నా కోసం అన్నారో! ముల్లు మాత్రం కదల్లేదు. కొండకి ఇవతల అంతా మంచు, సముద్రం వైపు ఒక్కచోట సందు, అందులోంచి కొబ్బరి మొవ్వలు. ఆ సందులోంచే దిగాం. ఆపరేషన్ గదిలో బిడ్డ ముందు ఏడవలేదు, ఒళ్ళంతా నీలం తిరిగిపోయింది. వీపు రుద్దగా రుద్దగా కెవ్వుమంది, ఆడపిల్ల. తల్లికీ గండం గడిచిందని డాక్టరుగారు చెప్పాక, నేను గోడకు జారగిలబడి ఆ పసిదానితో పాటు ఏడ్చాను.

మంచు ఆ సాయంత్రమే మూసుకుపోయి రోజుల తరబడి విడవలేదు. ఇక్కడ మేం క్షేమం, ఆ సంగతి అక్కడ ఆయనకు తెలిసే దారి లేదు. రేడియో ఉన్నది విమానంలో, పికప్పు గొట్టమూ విమానంలోనే! ఆసుపత్రివాళ్ళ కాళ్ళావేళ్ళా పడి చమురు క్యాంపుకి కబురు పెట్టించాను. అక్కడి నుంచి నీళ్ళ ట్యాంకరు ఆ గుడారాలకు పోతేనే ఆయనకు తెలిసేది. ఆ ట్యాంకరు నడిపే కరీంనగర్ కుర్రాడే ఆయన్ని ఎక్కించుకుని కొండదారిన సలాలా తీసుకొచ్చాడు. నన్ను పక్కకు పిలిచి చెప్పాడు: "అక్క మంచిగున్నది, దవాఖానల డ్యూటీ చేస్తున్నది అని చెప్పిన. సార్ గట్లనే ఇసుకల కూలవడ్డడు అక్కా, నాకైతే పానం వోయినంత పనైంది. అన్నిదినాలు బువ్వ సుత సరిగ తినలేదట."

మావారు ఆసుపత్రి వరండాలో నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, "ఆయిల్ ప్రెషర్ ఎంత చూపించిందే?" నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నేనొకదాన్ని బతికున్నానండీ, కాస్త ఇటు చూడండి," అన్నాను. చూశారు. అంతమంది రోగుల మధ్య, ఎన్నడూ లేనిది, నా చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూలబడి, ఎంతసేపటికీ వదల్లేదు.

ఆ తర్వాత ఆయన పని తీరే మారిపోయింది. బిగించినదాన్నే మళ్ళీ మళ్ళీ ముట్టుకు చూసేవారు. తర్వాతి రోజుల్లో వచ్చిన కొత్త మెకానిక్కులు విసుక్కునేవారు, అన్నం చల్లారిపోతోందని నేనూ పోరేదాన్ని. రిటైరై కాకినాడ వచ్చేశాక, ఒక మధ్యాహ్నం నాతో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, అడక్కుండానే చెప్పారు. విమానం కొండ వెనక్కి పోయాక, తను బిగించిన ఒక్కో క్లిప్పూ తలుచుకుంటూ కూర్చున్నారట, తలుచుకున్న ప్రతిదీ వదులుగానే ఉన్నట్టు తోచిందట. "ఆ తర్వాత ఏ విమానం ముట్టుకున్నా, నువ్వు ఎక్కుతున్నావనే అనుకుని బిగించానే," అన్నారు. అంత ప్రేమగా ఆయన నాతో ముందెప్పుడూ మాట్లాడలేదు, చిక్కుడుకాయల మీదికి తల వంచుకుని ఇంకో కాయ ఈనె లాగాను.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ముసలమ్మ ఏమైందో తెలియదు. మన కాలమే మంచిదని మన ఈడువాళ్ళు అంటుంటారు గాని నేననను, ఆ పిల్ల నొప్పులు చూసినదాన్ని ఎలా అంటాను? ఇప్పుడా ఎడారికి తారు రోడ్లున్నాయి, ఆసుపత్రులున్నాయి, విమానాలు ఎక్కడ లోపముందో వాటంతటవే చెబుతాయట. బిగించినవాళ్ళకు ఎక్కేవాళ్ళెవరో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఇప్పుడు ఏ విమానమెక్కినా క్షేమంగానే దిగుతున్నాను. నేనెక్కానని భయపడే మనిషే లేరు.