వసంతక్క చెప్పిన బేస్‌బాల్ కథ

మా చిన్నప్పుడు... నగరిలో కరెంటు పోతే మా వీధి పిల్లలకు పండగే. మరమగ్గాల చప్పుడు ఆగిపోయేది. ఒకరి మాట ఒకరికి వినబడేది. అందరం పరుగున మా పెదనాయన వాళ్ల అరుగు మీదికి చేరేవాళ్లం...

పెదనాయన కూతురు వసంతక్క తిరుపతిలో ఎమ్మే ఇంగ్లిష్ చదివేది. కాలేజీ జట్టులో, బేస్‌బాల్ లాంటిదే, సాఫ్ట్‌బాల్ ఆడేది. ఒకసారి సెలవులకు ఒక అమెరికా నవల తెచ్చుకుని, తను చదివినంత వరకు మాకు తెలుగులో చెప్పేది. అందులో ఒక మిల్లు కూలీ కొడుకు... వాడికి బేస్‌బాల్ అంటే పిచ్చి.

"బేస్‌బాల్ అంటే మన బిళ్ళంగోడేనా అక్కా?" అని మా తమ్ముడు అడిగాడు.

అక్క ఓణీ నడుముకు చెక్కుకుని, దుడ్డుకర్ర పట్టుకుని వీధిలోకి దిగింది. "బంతి వెయ్‌రా, సూపిస్తా!"

ఆ దెబ్బకు బంతి ఎదురింటి మిద్దె దాటిపోయింది. పెదనాయన చప్పట్లు కొట్టాడు.

కథ సగంలో ఉండగానే సెలవులు అయిపోయాయి...

తర్వాత పెదనాయనకు ఊపిరితిత్తుల జబ్బు చేసింది. మగ్గం ఆగితే ఇల్లు గడవదు. అక్క చదువు మానేసి వచ్చి మగ్గం దగ్గర నిలబడింది. ఒక మధ్యాహ్నం, అటూ ఇటూ దారం మోసే నాడె మగ్గంలోంచి ఎగిరొచ్చి ఆమె ఎడమ కంటికి తగిలింది. తిరుపతి ఆసుపత్రికి తీసుకెళ్లారు... చూపు దక్కలేదు.

ఇంటికొచ్చిన అక్క చుట్టూ పిల్లలం కూర్చున్నాం. తమ్ముడు అడిగాడు.

"ఆ కతలో పిల్లోడు గెలిసినాడా అక్కా?"

"లేదురా. ఆట ఇడిసిపెట్టేసి మిల్లులో పనికి పోయినాడు. కత అయిపోయింది."

తమ్ముడు వెక్కి వెక్కి ఏడ్చాడు.

కొన్నేళ్లకు, నేను తిరుపతిలో చదువుతున్నప్పుడు, కాలేజీ లైబ్రరీలో ఆ నవల దొరికింది. అందులో ఆ కూలీ కొడుకు ఆట వదల్లేదు. ఓడాడు, మళ్లీ ఆడాడు... ఆఖరి పేజీలోనూ మైదానంలోనే ఉన్నాడు.

ఊరికెళ్లినప్పుడు అక్కతో ఆ మాటే అన్నాను. తెగిన దారం ముడివేస్తూ, తలెత్తకుండానే చెప్పింది.

"తెలుసు పాపా. దెబ్బ తగలకముందే అంతా సదివేసినా. ఆ పొద్దు, వాడింకా ఆడతానే ఉండాడని సెప్పేదానికి నాకు నోరు రాలేదు."

ఇప్పుడు మన ఆడపిల్లలు క్రికెట్‌లో కప్పు గెలిస్తే వీధంతా టీవీ ముందు కేకలు వేస్తుంది. అక్క మాత్రం మెల్లగా లేచి లోపలికి వెళ్లిపోతుంది...

మీ ఇళ్లల్లోనూ ఆట మధ్యలో ఆగిపోయిన అక్కలు ఉండే ఉంటారు. వాళ్లు ఏం ఆడేవారో, ఎంత బాగా ఆడేవారో... ఇక్కడైనా చెప్పండి.