ఆ బండికి నూనె పోసింది నేనే

ఆ మోటార్‌సైకిలు గురించి ఇప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు. దాన్ని తెప్పించిన దొరను అడిగారు. ఆయన తర్వాత ఆయన కొడుకును అడిగారు. ఒక్కనాడూ దాని మీద కూచోని గుమాస్తాను కూడా పిలిచి కుర్చీ వేసి అడిగారు. దాని వెనక సీటు మీద బస్తర్ సంస్థానమంతా తిరిగినవాణ్ణి నేను. నన్ను అడగకుండానే నా మీద తీర్పు చెప్పారు. ఇంజనుకు నూనె పోయడం మరిచి బండిని చంపింది నేనేనట. ముసలితనం వచ్చింది, పళ్లు ఊడాయి, ఆ మాట మాత్రం ఊడిపోలేదు.

దొర సంస్థానంలో రోడ్ల ఓవర్సీరు. నాది మరైగూడ. దొరకు హిందీ ఒక్కటే వచ్చు. దారిలో ఒక ఊళ్లో హల్బీ, ఇంకో ఊళ్లో గోండి, మా వైపు వస్తే దొర్లి, తెలుగు. ఇవన్నీ నాకు వచ్చు కాబట్టి నన్ను వెంట పెట్టుకున్నాడు. మాట చెప్పడానికి చేరినవాడికి తర్వాత బండి తుడవడం, పెట్రోలు పోయడం, నూనె పోయడం కూడా అంటగట్టాడు. నేను వద్దనలేదు. ఆ పని నాకు నచ్చింది.

ఈ మధ్య జగదల్‌పూర్‌లో కుర్రాళ్లు కొత్త బండ్లకే పాత వేషం వేసి తిరుగుతున్నారు. గుండ్రటి దీపం, నీటిబొట్టులాంటి ట్యాంకు, మెరిసే పొగగొట్టం, దూర ప్రయాణానికని వెనక రెండు సంచులు. వేషం బాగానే ఉంది. మా మనవడు ఒకసారి అలాంటిదాని మీద ఎక్కించుకుని తిప్పాడు. సీటు మెత్తగా ఉంది, గుంటలో పడ్డా నడుముకు తెలియలేదు. మీట నొక్కితే ఇంజను పలికింది. అంత సులువుగా పలికేదాన్ని ఎవరు చెవి పెట్టి వింటారు అనిపించింది.

దొర బండి అలా పలికేది కాదు. హ్యాండిలు మీద, ఇంజను లోపల నిప్పురవ్వ పడే వేళను ముందుకీ వెనక్కీ జరిపే చిన్న మీట ఉండేది. దాన్ని వెనక్కి లాగకుండా కిక్కు కొడితే కిక్కు తిరిగి కాలిని కొట్టేది. నా కుడికాలి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. గేరు కర్ర ట్యాంకు పక్కన, చేతితో మార్చాలి. ముందు చక్రానికి పెద్ద స్ప్రింగు, వెనక చక్రానికి ఏమీ లేదు. దొర సీటు కింద రెండు స్ప్రింగులు, నా సీటు కింద గోనెసంచి. అది కూడా నేను తెచ్చుకున్నదే. దొర ఒక్కసారైనా నీకెలా ఉందిరా అని అడగలేదు.

అయినా దాని నడక చెప్పకపోతే పాపం. మెల్లగా పోవడంలో దానికి సాటి లేదు. ఎడ్లబండి వెనక నడిచే మనిషి వేగంతో, పెద్ద గేరులోనే, దబ్ దబ్ మని ఒక్కొక్క దెబ్బ లెక్కపెట్టుకునేలా పోయేది. ఇసుకలో చక్రం కూరుకుంటే గొంతు తగ్గించి మెల్లగా బయటికి లాక్కొచ్చేది. జగర్‌గుండా సంతకు పోయిన రోజుల్లో మేమింకా అడవిలో ఉండగానే సంతలో జనం దాని చప్పుడు విని దారి ఇచ్చేవాళ్లట. ట్యాంకు పక్కన చిన్న గాజు గొట్టం ఉండేది. దానిలోంచి నూనె చుక్క చుక్కగా ఇంజనులోకి దిగడం కనిపించేది. చుక్క పడుతుంటే బండికి ప్రాణం ఉన్నట్టు. ప్రయాణమంతా దొర భుజం మీదుగా నేను చూసేది ఆ గాజునే.

ఇక ఆ రోజు సంగతి.

విత్తనాల పండుగ రోజులవి. మా వైపు గింజలు చల్లే ముందు మగవాళ్లంతా అడవికి వేటకు పోతారు. ఊళ్లో ఆడవాళ్లదే రాజ్యం. దారికి అడ్డంగా తాడు కట్టి, వచ్చే పోయేవాళ్లను ఆపి, పాట పాడి వంతు అడుగుతారు. పొగాకో, బెల్లమో, కాసో, ఏదో ఒకటి ఇచ్చి పోవాలి. వేటకు పోయి ఉత్త చేతులతో తిరిగొచ్చిన మగవాళ్ల మీద పేడ కొడతారు. కోపంతో కాదు, అది ఆచారం. కొట్టించుకున్నవాడూ నవ్వాల్సిందే.

దొర కుంట అనే ఊరి వైపు పోవాలని తొందరలో ఉన్నాడు. మా ఊరి చివర తాడు అడ్డమొచ్చింది. తాడు పట్టుకున్నవాళ్లంతా నాకు వదినలూ మరదళ్లే.

"ఏంది బావా, వేట దొరికిందా?" అంది ముందు నిలబడ్డ మరదలు.

"నేను వేటకు పోలే. కొలువుల ఉన్న."

"కొలువుల ఉంటే కాళ్లు నేల మీద ఆనియ్యవా?" అని ఇంకొకతె.

దొర జేబులోంచి పొగాకు తీసి ఇచ్చాడు. నా వంతుగా నేను బెల్లం ముక్క ఇచ్చాను. అయినా తాడు దిగలేదు.

"మీ ఇద్దరియి అయినయి. దీనిది ఏది?" మరదలు బండిని చూపించింది. ఇంజను ఆపలేదు, అది దబ్ దబ్ మంటూనే ఉంది.

"ఇది ఇనుము. దీనికి వంతేంది?"

"తాగుతది, అరుస్తది, పొగ ఇడుస్తది. అలిసిపోతే నువ్వే నీళ్లతోని కడుగుతవంట. పానం లేదంటే ఎట్ల నమ్మాలె? వంతన్న ఇయ్యాలె, వేటన్న తేవాలె."

నేను దొరకు హిందీలో చెప్పాను. ఏదైనా ఒకటి ఇచ్చేయండి, ఆకు అయినా సరే, బండి పేరు మీద ఇవ్వండి అన్నాను. యంత్రానికి పన్ను కట్టమంటావా, నీ చుట్టాలతో కలిసి నవ్వుతున్నావా అని ఆయన గద్దించాడు. ఆ మాట నేను వాళ్లకు చెప్పలేదు. ఆయన మొహం చూసి వాళ్లకే అర్థమైంది.

"వేట తేనోడికి ఏం జేస్తమో తెల్వదా?" అంది మరదలు.

కుడివైపు నుంచి వచ్చి పడింది పేడ. దొర మీద ఒక్క చుక్క పడలేదు, నా మీదా పడలేదు. వాళ్లు బండినే కొట్టారు, ఆచారం ప్రకారం. ఇంజను చుట్టూ గాలి తగిలి చల్లబడడానికి ఇనుప రెక్కలు ఉంటాయి. పచ్చి పేడ ఆ వేడి రెక్కల మధ్య పడి సుయ్ మంది. అందరూ నవ్వారు, తాడు దించారు. దొర నవ్వలేదు.

ఊరు దాటగానే వాగు. దొరా, ఆపండి, రెక్కలు కడుగుతాను, గాలి ఆడదు అన్నాను. ఆయన వినలేదు. నవ్వు ఇంకా వెనక నుంచి వినిపిస్తోంది, ఆయనకు ఆగాలని లేదు. వాగు దాటాక రాతి గుట్ట, ఎండ, చిన్న గేరు. కుడివైపు పేడ పిడకలా ఎండి మాడుతున్న వాసన వచ్చింది. మళ్లీ చెప్పాను. "నోరు ముయ్" అన్నాడు. గాజులోకి చూశాను. నూనె చుక్క చుక్కగా పడుతూనే ఉంది. ఇది నేను చూశాను. తర్వాత ఇంజను దెబ్బల మధ్య ఎడం పెరిగింది, లోపల ఇనుము ఇనుమును పట్టుకున్న చప్పుడైంది, వెనక చక్రం బిగిసి రాళ్ల మీద ఈడ్చుకుపోయింది. ఇద్దరం పడ్డాం.

అంత బండినీ ఎడ్లబండి మీద గడ్డి పరిచి పడుకోబెట్టి కుంటకు తెచ్చాం. అక్కడ పెద్ద అధికారి ఏమైందని అడిగితే, "వీడు నూనె పోయలేదు" అన్నాడు దొర. నేను పక్కనే ఉన్నాను. పెద్ద అధికారి నా వైపు తిరగలేదు. ఆడవాళ్లు పేడతో కొట్టారని, దానికి తన బండి ఆగిపోయిందని చెప్పుకోవడం కంటే ఆయనకు నేను మరిచానని చెప్పడమే తేలికైంది. ఇది నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. అర్థమైంది కదా అని క్షమించానని కాదు.

కొలువు పోయింది. ఊళ్లో పేరు మాత్రం మిగిలింది. నా పెళ్లిలో తలకు నూనె పెట్టేటప్పుడు ఒక వదిన, "మంచిగ పొయ్యుండ్రి, ఈనె మరిసిపోతడు" అంది. ఎవరెవరు నవ్వారో చెప్పగలను.

నాకు ఆ మరదలి మీద కోపం ఉండేది. ఒకసారి ఎదురుపడితే అడిగాను. "నిన్ను కొట్టలే గద బావా. ఆగి కడుక్కుంటే అయిపోతుండె. మమ్ముల ఎవలన్న అడిగిండ్రా?" అంది. నిజమే, ఆమెనూ ఎవరూ అడగలేదు. యంత్రానికి ప్రాణముందని ఆమె అంది, లేదని దొర అన్నాడు. వేడెక్కితే ఆపాలి, ఊపిరాడాలి అన్న సంగతిలో ఆమె మాటే నిజానికి దగ్గర. ఇప్పుడామె లేదు. సాక్షి ఒకరు తగ్గారు.

పోయిన చలికాలం జగదల్‌పూర్‌లో పాత బండ్లను వరసగా నిలబెట్టి చూపించారు. వాటిలో అదీ ఉంది. ట్యాంకు చూడగానే గుర్తుపట్టాను. దొర మనవడు పక్కన నిలబడి వచ్చినవాళ్లకు చెబుతున్నాడు: మా తాతగారి బండి, ఒక నౌకరు నూనె పోయక ఇంజను పట్టేసింది. ఆ నౌకరు నేనే అన్నాను. అతను నవ్వి, బాబా, ఫోటో దిగుదాం రండి అన్నాడు. ఇంజను బాగు చేయించావా అని అడిగాను. లేదు, లోపల ఎవరూ విప్పలేదు, పైన రంగు వేయించాం అంతే, అన్నాడు. నేను చెప్పబోయేలోగా వేరేవాళ్ల వైపు తిరిగాడు. తాతలాగే.

అందుకే ఇది రాస్తున్నాను. బాబూ, నూనె లేక పట్టేసిన ఇంజనుకు లోపలి గోడ మీద చుట్టూతా గీతలుంటాయి. ఒక పక్క గాలాడక వేడెక్కి పట్టేస్తే ఆ పక్కనే ఉంటాయి. నీ చేతిలో బండి ఉంది, ఊళ్లో మెకానిక్కులు ఉన్నారు. ఫోటో నాకు అక్కర్లేదు. విప్పి చూడు. గీతలు చుట్టూతా ఉన్నాయా, కుడివైపే ఉన్నాయా? మీ ఇంట్లో ఒకరైనా నాకు జవాబు చెప్పండి.