కుట్టు టీచరు ఫ్రెంచి చదువు

మా బడిలో కుట్టు టీచరు పాతికేళ్లపాటు పిల్లలకు కాజాలు కుట్టడం, గుండీలు వేయడం నేర్పింది. ఆ ఏడాది యాజమాన్యానికి ఫ్రెంచి పిచ్చి పట్టుకుంది. కుట్టుపని, డ్రిల్లు ఎత్తేస్తున్నామని, వేసవిలో ఆరు వారాల ఫ్రెంచి శిక్షణ పొంది పరీక్ష గట్టెక్కినవాళ్లకే ఇక ఉద్యోగమని హెడ్‌మాస్టరు చెప్పాడు. ఆ డ్రిల్లు మాస్టరును నేనే. యాభై దాటాక నోరు తిరగని భాష నేర్చుకోమంటే నాకు ఒళ్లు మండింది. ఆమె మాత్రం వెంటనే ఒప్పుకుంది. ఆయాసంతో మంచం పట్టిన తల్లికి ఆమె తప్ప దిక్కు లేదు, ఆమెకు ఆ ఉద్యోగం తప్ప ఆధారం లేదు.

రోజుకు ఎనిమిది గంటల చదువు. ఫోన్లు ఆఫీసులో ఇచ్చేయాలి. తరగతి గుమ్మం దాటాక మన భాషలో ఒక్క ముక్క మాట్లాడినా బయటికి పంపేస్తారు. మూడుసార్లు పంపితే పరీక్షకు కూర్చోనివ్వరు. తుమ్మినా ఫ్రెంచిలోనే తుమ్మాలి కాబోలని నేను మెట్ల మీద గొణిగేవాణ్ణి. తలుపు సందులో వేలు నలిగి "అమ్మా" అన్నందుకు కుట్టు టీచరును ఒకసారి పంపారు. పక్కామెను పెన్సిలు అడిగినందుకు ఇంకోసారి. నాకూ రెండుసార్లు అయిపోయాయి.

ఆమె కొత్త మాటలన్నీ గుడ్డ ముక్కల మీద దారంతో కుట్టేది. చేత్తో కుట్టింది మరుపు రాదని ఆమె నమ్మకం. ఆ భాషలో ఓనమాలు రాని తల్లి ఆ ముక్కలు పట్టుకుని రోజూ పాఠం అప్పజెప్పించుకునేదట.

అయిదో వారంలో ఒక ఉదయం కుట్టు టీచరు బోర్డు దగ్గర నిలబడి తన ఇంటి గురించి చెబుతోంది. అటెండరు గుమ్మంలోకి వచ్చి, రమ్మని ఆమెకు చేయి ఊపాడు. తరగతిలో మన భాష మాట్లాడినందుకు అంతకుముందే ఆ ముసలాయనకు మా ఫ్రెంచి పంతులమ్మ గట్టిగా చీవాట్లు పెట్టింది. కుట్టు టీచరు తల తిప్పి, "తర్వాత" అని ఫ్రెంచిలో చెప్పింది. పంతులమ్మ భేష్ అంది. పాపం, ఆమె మొహం వెలిగిపోయింది. మళ్లీ బోర్డు వైపు తిరిగింది.

అటెండరు గుండె మీద చేయి వేసుకుని, నోరు తెరిచి ఎగశ్వాస పీల్చి చూపించాడు. మెట్లెక్కి అలసిపోయాడనుకుని అందరూ నవ్వారు. నాకు మాత్రం అర్థమైంది. లేచి ఒక్క మాట చెబితే సరిపోయేది. నేను పుస్తకంలోకి తల దించుకున్నాను.

గంట కొట్టేసరికి గంటన్నర గడిచింది. అటెండరు మెట్ల మీద ఆమెను ఆపి, "మీ అమ్మగారికి ఊపిరాడట్లేదంటమ్మా. పక్కింటావిడ పదింటికే ఫోన్ చేసింది" అన్నాడు. ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. వెనకే నేనూ వెళ్లాను. అప్పటికే అంతా అయిపోయింది.

"ఇందాకటిదాకా గుమ్మం వైపే చూసిందమ్మా, వచ్చిందా వచ్చిందా అని అడుగుతూనే ఉంది" అంది పక్కింటావిడ.

అయిదో రోజు ఆమె తరగతికి వచ్చింది. పంతులమ్మ, తర్వాత అందరూ ఒక్కొక్కరే లేచి, ఫ్రెంచిలో సంతాపం చెప్పారు. ఆమె వాళ్ల వైపు చూడలేదు. తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యా, అటెండరు నాకంతా చెప్పాడు. అమ్మ ఆయాసం సంగతి మీకు తెలుసుగా. ఆ రోజు మీకూ అర్థం కాలేదా?" అని మన భాషలోనే, అందరికీ వినపడేలా అడిగింది.

అది ఆమెకు మూడోసారి. పంతులమ్మ నా వైపు చూస్తోంది. పాతికేళ్లుగా నన్ను అన్నయ్యా అని పిలిచిన మనిషి జవాబు కోసం నిలబడి ఉంది.

"అర్థం కాలేదు" అన్నాను. ఫ్రెంచిలో.

ఆమె సంచి తీసుకుని వెళ్లిపోయింది. ఇప్పుడు చిన్న తరగతులకు ఫ్రెంచి నేనే చెబుతున్నాను.