దింపు రోజున ఇల్లు చూడ్డానికి వచ్చే మామ్మగారు

నిన్న ఫోనులో నీ గొంతు చిన్నబోయి వినిపించింది, తల్లీ. ఏమైందే అంటే, ఏమీ లేదమ్మమ్మా, ఎల్లుండి పదిన్నరకి అద్దె ఏజెన్సీ వాళ్ళు ఇల్లు చూడ్డానికి వస్తున్నారు, మూడు నెలలకోసారి మామూలే అన్నావు. మామూలే అన్నదానివి, రెండు రోజులుగా ఆసుపత్రి డ్యూటీ నుంచి వచ్చీ రాగానే స్టవ్వు తోముతున్నానన్నావు, గోడ మీది ఫొటోలు తీసి మంచం కింద పెట్టానన్నావు, మా ఇంట్లో మేమే దొంగల్లా ఉన్నాం అని నవ్వావు. ఆ నవ్వు నాకు తెలుసు. నీ వయసులో నేనూ అలాగే నవ్వేదాన్ని. డ్యూటీకి టైమవుతోందని నువ్వు మస్కట్‌లో ఫోను పెట్టేశావు గానీ, నేను చెప్పాలనుకున్నది నాలోనే ఉండిపోయింది. అందుకే కాగితం మీద పెడుతున్నాను, ఫొటో తీయించి ఇవాళే నీ ఫోనుకి పంపిస్తాను. నీ తమ్ముడికి కూడా చదివి వినిపించు, బెంగుళూరులో వాడూ అద్దె గదిలో ఉన్నవాడే కదా.

పెళ్ళయిన కొత్తలో మీ తాతగారు అమలాపురంలో ఒక రైసుమిల్లులో ఫిట్టరుగా పనిచేసేవారు. ఊరి చివర కొబ్బరి దొడ్లో ఒక చిన్న పెంకుటింట్లో అద్దెకు దిగాం. ఒక పడకగది, ఒక వంటగది, ముందు వరండా, వెనక నుయ్యి, చుట్టూ పదకొండు కొబ్బరిచెట్లు, అంతే ఇల్లు. ఇల్లుగలావిడ ఉప్పలగుప్తం దగ్గర పల్లెలో ఉండేవారు. భర్త పోయాక పొలం, దొడ్డి, ఇల్లు అన్నీ ఒంటిచేత్తో చూసుకునే మనిషి. అందరూ ఆవిడని మామ్మగారనేవారు, మేమూ అలాగే అలవాటు పడ్డాం. తాళం చేతికిచ్చిన రోజున ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే, దూలానికి మేకు కొట్టకూడదని. ఎందుకని మేం అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

మా వైపు కొబ్బరికాయలు రెండు నెలలకోసారి దింపిస్తారు. దింపు తీసే మనిషిని వెంటబెట్టుకుని మామ్మగారు ఉదయం బస్సుకి వచ్చేవారు. అతను కాళ్ళకి బంధం వేసుకుని మొదటి చెట్టు ఎక్కేదాకా వరండాలో కూర్చుని, పైనుంచి మొదటి గెల ధబ్బున పడగానే లేచి, చెప్పులు బయట విడిచి లోపలికి నడిచేవారు. ఆ రోజు కాయలతో పాటు ఇల్లూ చూసుకుని వెళ్ళడం ఆవిడ అలవాటు. గోడ మీద అరచెయ్యి ఆనించి చూసేవారు, పొయ్యి పక్కన పొగ మసి చూసేవారు, తూము దగ్గర వంగి చూసేవారు, పడకగది గుమ్మంలో నిలబడి తలెత్తి పైకి చూసేవారు. ఒక్క మాట మాట్లాడేవారు కాదు. ఆ మాట్లాడకపోవడమే నన్ను చంపేసేది. పరీక్ష కాగితం దిద్దుతున్న పంతులమ్మగారి ముందు చేతులు కట్టుకు నిలబడ్డట్టు ఉండేది.

పైగా ఎప్పుడొస్తారో ముందు తెలియదు. దింపు మనిషికి ఏ రోజు తీరితే ఆ రోజు. రెండు నెలలు దగ్గరపడుతున్నాయంటే చాలు, నేను రోజూ వంటిల్లు అలికేదాన్ని, గిన్నెలు చింతపండు పెట్టి తోమేదాన్ని, చిరిగిన బొంత ట్రంకు పెట్టెలో దాచేదాన్ని. బస్సు దిగి ఆవిడ వస్తున్నారని చూడగానే మీ తాతగారు సైకిలెక్కి మిల్లుకి పారిపోయేవారు. మిల్లులో మిషను ఆగిపోయిందట. ఆ మిషను సరిగ్గా దింపు రోజునే ఆగేదేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇంకో సంగతి చెబితే నువ్వు నవ్వుతావు. పదకొండు చెట్ల కింద కాపురం ఉంటూ ఆ ఏడాదంతా నేను కొబ్బరిపచ్చడి చెయ్యలేదు. రాలిన కాయ ఇల్లుగలావిడది కదా అని, రాలిన ప్రతి కాయా తెచ్చి మెట్టు పక్కన పేర్చి పెట్టేదాన్ని. పోనీ బజార్లో కొనుక్కుందామంటే, ఇంట్లో చిప్పలు కనిపిస్తే వాళ్ళ కాయే కొట్టుకున్నానని అనుకుంటారేమోనని భయం. కోనసీమలో పుట్టి, కోనసీమలో కాపురం చేస్తూ, కొబ్బరి లేకుండా ఏడాది వంట చేసిన ఇల్లాలు ఇంకొకతె ఉండి ఉండదు.

మరుసటి ఏడు మీ అమ్మ పుట్టింది. పుట్టింటి నుంచి పిల్లని తెచ్చుకున్నాక ఉయ్యాల ఎక్కడ కట్టాలన్న ప్రశ్న వచ్చింది. నా పాత చీర ఉంది, తాడు ఉంది, పైన తాటి దూలం ఉంది. మీ తాతగారు ఫిట్టరు కదా, ఆయనకి అదో లెక్కలోది కాదు. మిల్లు నుంచి ఒక ఇనుప కొక్కెం తెచ్చారు, తిప్పితే దూలంలోకి దిగుతుంది, మళ్ళీ తిప్పితే ఊడి వస్తుంది. మామ్మగారు వచ్చే రోజున ఊడదీసి బియ్యం డబ్బాలో పడేస్తే సరిపోతుంది, చిల్లులో సబ్బూ మసీ కలిపి కూరితే కనపడదు. అలాగే రెండు దింపులు గడిచాయి. పిల్లని ఎక్కడ పడుకోబెడుతున్నావని మామ్మగారు అడిగితే, చాప మీదేనండి అని చెప్పాను. చెబుతుంటే నా నాలుక నాకే బరువుగా అనిపించింది.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం మీ అమ్మ బుగ్గ మీద సన్నటి మట్టి కనిపించింది. పెంకుల మీది దుమ్మేమోనని తుడిచేశాను. మర్నాడూ ఉంది. తలెత్తి చూస్తే, గోడ మూల నుంచి దూలం దాకా వేలి మందాన మట్టి దారి ఒకటి పాకి ఉంది. చెద. అది తిన్నగా పోయి కొక్కెం దిగిన చోట లోపలికి దూరింది.

సాయంత్రం మీ తాతగారికి చూపిస్తే ఆయన పీట ఎక్కి దగ్గరగా చూశారు. తరవాత, ఇప్పుడు చెద సంగతి చెబితే కొక్కెం సంగతీ చెప్పాలి, చెబితే ఖాళీ చెయ్యమంటారు, ఈ వానల్లో పసిపిల్లని పెట్టుకుని ఎక్కడికి పోతాం అన్నారు. అదీ నిజమే. అప్పట్లో పిల్లలున్న వాళ్ళకి ఇల్లు దొరకడం అంత తేలిక కాదు. ఆ మట్టి గీకేసి కిరసనాయిలు పూసి, గోడ మీది మరక మీద ఒక క్యాలెండరు తగిలించారు. ఉయ్యాల విప్పేశాం. కానీ ఉన్నది ఒక్క గది, ఆ గదికి ఒక్కటే దూలం, పిల్లని ఏ మూల పడుకోబెట్టినా దాని కిందే పడుకోబెట్టాలి. వాన పడ్డప్పుడల్లా పైకప్పు బరువంతా ఆ చిల్లు మీదే ఆనినట్టు నా గుండె బరువెక్కేది.

అప్పుడే దింపు రోజు వచ్చింది. మిల్లులో మిషను ఆగింది, మీ తాతగారు వెళ్ళిపోయారు. మామ్మగారు ఎప్పటిలాగే గోడలు తడిమారు, తూము చూశారు, పడకగది గుమ్మంలో నిలబడ్డారు. క్యాలెండరు వైపు ఒకసారి చూశారు. ఆ మూల వెలుతురు తక్కువ, అప్పటికే ఆవిడ చూపు మందగించింది. వానమబ్బు పట్టేసిందని దింపు మనిషిని తొందరపెడుతూ బయటికి నడిచారు. గండం గడిచిందని నేను గోడకి జారగిలబడ్డాను. చాప మీద నిద్రపోతున్న మీ అమ్మ వైపు చూస్తే, నేను చూస్తుండగానే, పైనుంచి చిటికెడు మట్టి రాలి దాని జుట్టు మీద పడింది.

ఏమాలోచించానో తెలియదు. వట్టి కాళ్ళతో గేటు దాకా పరిగెత్తాను.

“మామ్మగారండీ, ఒక్కసారి మళ్ళీ లోపలికి రండి.”

“ఏమ్మా, ఏదైనా మర్చిపోయేనా?”

“మీరు కాదండి. నేనే... చూపించాల్సింది చూపించలేదండి.”

ఆవిడ వెనక్కి వచ్చారు. క్యాలెండరు నేనే తీశాను. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి కొక్కెం తీసి ఆవిడ చేతిలో పెట్టాను. బియ్యపు గింజలు రెండు దానికి అంటుకుని ఉన్నాయి, ఆవిడ వాటిని మెల్లగా వేలితో దులిపారు. గుమ్మంలోకి వెళ్ళి దింపు మనిషిని కేకేశారు. అతను వచ్చి పీట ఎక్కి, కత్తి వెనక వైపుతో దూలాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి కొట్టుకుంటూ పోయాడు. టంగు టంగుమంటూ వస్తున్న చప్పుడు కొక్కెం చోటికి వచ్చేసరికి బోలు డబ్బాలా మారిపోయింది.

“ఆయ్, ఇది డొల్లయిపోయిందండి అమ్మగారూ. మాటలు తరవాతండి, ముందు పిల్లని బయటికి తెచ్చెయ్యమనండి.”

మామ్మగారే వంగి మీ అమ్మని ఎత్తుకుని వరండాలోకి నడిచారు. అక్కడ మొదలైంది నాకు చీవాట్ల వాన.

“నేను రెండు నెలలకోసారి ఎందుకొస్తున్నాననుకున్నావే? నీ గిన్నెలు మెరుస్తన్నాయో లేదో చూడ్డానికా? తాటి దూలానికి పైనంతా ఇనుమే, లోపల మాత్రం మెత్తన. చిల్లు పడిందంటే చెదకి తలుపు తీసి రమ్మన్నట్టే. చూడక్కర్లేనివన్నీ తోమి పెట్టేవు, చూడాల్సిందేమో క్యాలెండరు కింద దాచేవు!”

నాకు ఏడుపు వస్తోంది, దాంతో పాటు ఎక్కడినుంచో కోపమూ వచ్చింది. “మేకు ఎందుకు కొట్టకూడదో మీరు చెప్పలేదండి. చెప్పి ఉంటే కొట్టేవాళ్ళం కాదు. మీరు మాట్లాడకుండా చూసి వెళ్ళిపోతుంటే మాకు భయమేనండి గానీ, ఇంకేం తెలుస్తుంది?” అన్నాను.

అనేసి నాలుక కరుచుకున్నాను. దింపు మనిషి చెట్ల వైపు తిరిగి, లేని కాయని వెతకడం మొదలుపెట్టాడు. మామ్మగారు పిల్లని భుజం మీదికి మార్చుకున్నారు.

“ఆయ్, చెప్పలేదు,” అన్నారు. “మా అత్తగారు వద్దన్నారు, మానేసేను. వద్దంటే సరిపోద్దని నేనూ అనుకున్నాను.” తరవాత మెట్టు పక్కన పేర్చిన కాయలు చూపిస్తూ అడిగారు, “ఇవేంటి, రాలినవి కూడా ఇలా దాస్తన్నావు? పచ్చడికి కొట్టుకోవూ?”

మీవి కదండీ అన్నాను. ఆవిడ నెత్తి కొట్టుకుని, పిల్ల లేస్తుందేమోనని నవ్వు ఆపుకుంటూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఆ పూటే నన్నూ పిల్లనీ బస్సెక్కించి ఉప్పలగుప్తం వైపు తన ఇంటికి తీసుకుపోయారు. పాపం, మీ తాతగారు మధ్యాహ్నం వచ్చేసరికి ఇంట్లో పెళ్ళాం లేదు, పిల్ల లేదు, మంచం వరండాలో ఉంది, దూలం కింద రెండు సరుగుడు కర్రలు నిలబెట్టి ఉన్నాయి. ఖాళీ చేయించేశారనుకుని క్యారేజీ చేత్తో పట్టుకుని గేటు దగ్గరే నిలబడిపోయారట. దింపు మనిషి వెళ్ళి చెప్పేదాకా కదల్లేదట. సాయంత్రానికి మామ్మగారింటికి వచ్చి, తల ఎత్తకుండా, కొక్కెం కొట్టింది నేనండి, మా ఆవిడ కాదు అన్నారు. తెలుసులే, మిషను బాగుచేసి వచ్చేవా, భోంచెయ్యి అన్నారు మామ్మగారు. దింపు రోజున మిషను ఎందుకు ఆగుతుందో ఆవిడకి మొదటి నుంచీ తెలుసన్నమాట.

కొత్త దూలం ఎక్కించడానికి వారం పైన పట్టింది. మిల్లు నుంచి బరువులెత్తే కప్పీ గొలుసు తెచ్చి మీ తాతగారే దగ్గరుండి ఎక్కించారు. ఉయ్యాలకి వేరే కర్ర ఒకటి గోడకీ గోడకీ మధ్య వేయించారు మామ్మగారు. తరవాతి దింపుకి ఆవిడ వచ్చినప్పుడు నేను వరండాలో ఎదురు వెళ్ళాను. ఆవిడ గోడ తడిమేలోపే, ఇక్కడ పెంకు జరిగిందండి, ఇక్కడ నూతి గిలక కిర్రుమంటోందండి అని నేనే ముందు నడుస్తూ చూపించాను. ఆవిడ నా వెనక నడుస్తూ, ఎందుకో ఏమిటో ఒక్కొక్కటీ చెప్పారు. ఇల్లు చూడ్డం మా ఇద్దరి పని అయింది. ఆ రోజు మీ తాతగారు కూడా మిల్లుకి వెళ్ళలేదు. ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళున్నాం. అంతకాలం ఉన్నా దింపు రోజంటే గుండె దడ పూర్తిగా పోలేదు, ఆ మాట దాచను. ఎవరో వచ్చి మన బతుకుని గుమ్మంలో నిలబడి చూడ్డం ఎప్పటికీ కొంచెం కష్టంగానే ఉంటుంది. కానీ దడతో పాటే ఒక ధైర్యం కూడా ఉండేది, ఈ ఇంటి గురించి నాతో పాటు ఆలోచించే మనిషి ఇంకొకరున్నారని.

ఇప్పుడు అమలాపురంలో కూడా అన్నీ స్లాబులే, దూలం చూపించమంటే పిల్లలకి తెలియదు. ఇల్లుగలవాళ్ళు ఎక్కడో ఉంటారు, ఎవరో ఒకరు ఫోను పట్టుకుని వచ్చి నాలుగు ఫొటోలు తీసుకుని, మంచినీళ్ళు కూడా తాగకుండా పోతారు. అలాగని అంతా పాడైపోయిందనను. మీకు ముందుగా కాగితం పంపిస్తారు, టైము చెబుతారు, వీలుకాదంటే మార్చుకోమంటారు. ఆ ఒక్క మర్యాద మా రోజుల్లో ఉంటే నేను రెండేసి నెలలు భయపడుతూ అలుక్కునేదాన్ని కాదు. మాకు వచ్చే మనిషెవరో తెలుసు గానీ, ఎప్పుడొస్తారో తెలిసేది కాదు. మీకు నిమిషంతో సహా తెలుసు గానీ, ఎవరొస్తారో తెలియదు. రెండూ తెలిసే రోజు కూడా వస్తుందిలే, తల్లీ. నువ్వు రేపు తలుపు తీసి ముందు ఆ వచ్చినవాళ్ళ పేరడుగు. పేరు చెప్పాక, వాళ్ళ వెనక కాదు, వాళ్ళకంటే ముందు నువ్వు నడువు.