నా నంబరు వేసుకున్న మనిషి

రెండువేల సంవత్సరం దాటాక నాలుగేళ్లు రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేశాను. అనకాపల్లి నుంచి వ్యానులో తీసుకెళ్లేవారు. మేం ఒలిచిన రొయ్యలు ఓడలెక్కి పై దేశాలకు పోయేవి. కోటు, టోపీ, మాస్కు వేసుకున్నాక కళ్లు తప్ప ఏమీ కనిపించవు. గుండె మీది నంబరే మా ఆనవాలు. నాది నలభై రెండు. రోజంతా ఐసునీళ్లలో నాని, వేళ్ల సందుల్లో చర్మం ఊడి పుండ్లు పడేవి.

ఒకరోజు పొద్దున్నే సూపర్వైజరు కాంట్రాక్టు ఆడవాళ్లందరినీ పక్కకు పిలిచాడు.

"ఫారిన్నుంచి సరుకు కొనేవోళ్లు వత్తన్నారు. మీ సేతులు సూత్తే ఆర్డరు పోద్ది. ఆ గదిలో కూకోండి, సప్పుడు సెయ్యకండి."

కోట్లూ నంబర్లూ విప్పించుకుని, అట్టపెట్టెల గదిలోకి పంపి బయట గడియ పెట్టాడు. ఇరవై మందిమి ఉన్నా ఒక్కరూ దగ్గలేదు. మా చర్చికే వచ్చే వదిన పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంటోంది. అవతల బూట్ల చప్పుడు దగ్గరకొచ్చి, ఆగి, మళ్లీ కదిలింది.

తలుపుకి చిన్న అద్దం ఉంది. మునివేళ్ల మీద లేచి చూశాను. నా బల్ల దగ్గర, నా చోట్లో ఒకామె నిలబడి ఉంది. నా ఎత్తే. గుండె మీద నలభై రెండు. చేతులకి కొత్త గ్లౌజులు.

"వదినా, నానిక్కడుంటే అక్కడెవులు?"

వదిన నా నోరు మూసింది. ఆమె అరచెయ్యి చల్లగా ఉంది.

ఒక తెల్లాయన ఆ మనిషి ముందు ఆగి ఏదో అడిగించాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన నవ్వి రాసుకున్నాడు. అప్పుడామె కళ్లు మెల్లగా తిరిగి, అద్దంలోంచి సరిగ్గా నన్నే చూశాయి. చటుక్కున కిందికి వంగాను.

గడియ తీసేసరికి మధ్యాహ్నం దాటింది. కోటు తొడుక్కుంటే ఇంకా వెచ్చగానే ఉంది.

"ఎవరండీ ఆవిడ?"

"ఆఫీసులో కంప్యూటరు కాడ అమ్మాయిలే. నీదేటి పోయింది?" అన్నాడు సూపర్వైజరు.

సాయంత్రం వ్యాను దగ్గర ఒక అమ్మాయి నా ముందు ఆగింది. మాస్కు లేని ఆ ముఖం నేనెరగను, కళ్లు మాత్రం గుర్తుపట్టాను.

"ఆ సారు నిన్నేటడిగేరు?" అన్నాను.

"సేతులు నొప్పెడతాయా అనక్కా. లేదని సెప్పేను. అలాగే సెప్పమన్నారు."

నేను రెండు చేతులూ చాపి చూపించాను. ఆమె చూసి, ముట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఏడుస్తూ లోపలికి వెళ్లిపోయింది.

ఆర్డరు వచ్చింది. మాకు లడ్డూలు పంచారు. కొత్త గ్లౌజులు మాత్రం మళ్లీ కనిపించలేదు.